మన నెత్తిమీది రేకు

ఇళ్ళకి మనవాళ్ళు పేర్లు పెట్టే పద్ధతి ఎప్పుడైనా గమనించారా? పూరిల్లు, పెంకుటిల్లు, మిద్దె, డాబా, రేకుల ఇల్లు. అన్నీ కప్పు పేర్లే. గోడ మట్టిదా, రాతిదా, ఇటుకదా అని అడిగే నాథుడే లేడు. పెళ్ళిసంబంధాలు మాట్లాడేటప్పుడు కూడా "కుర్రాడికి పెంకుటిల్లుంది", "మొన్ననే డాబా వేశారట" అనేవాళ్ళే గానీ, "రెండడుగుల మందం గోడలండీ" అని చెప్పిన పెళ్ళిళ్ళ పేరయ్యని నేనింతవరకూ చూడలేదు.

ఈ వరసలో రేకుల ఇంటికి పెద్ద మర్యాదేమీ లేదు. పూరిల్లుకి కనీసం కవులున్నారు. రేకుల ఇంటిమీద కవిత్వం చెప్పినవాళ్ళు నాకు తగల్లేదు. అయినా మా పొదిలిలో ఏ వీధి చివర నిలబడి చూసినా నాలుగు పాత కప్పుల మధ్య ఒక రేకుల కప్పు తళుక్కుమంటూనే ఉంటుంది. డాబాలమీద కూడా ఇప్పుడు రేకుల పందిళ్ళు వేస్తున్నారు. ఇంతగా మన నెత్తికెక్కిన వస్తువు ఎక్కడ పుట్టిందో, ఏ దారిన వచ్చిందో, మనకేం చేసిందో కాస్త చెప్పుకుందాం.

ముందు పాత కప్పుల సంగతి. పొదిలి రెండు రకాల కప్పులు కలిసే చోటు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా మాది నెల్లూరు జిల్లా, పడమటనున్న మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లావి. (ఒంగోలు జిల్లాకి 1972లో ప్రకాశం అని పేరు మార్చారు.) తూర్పుకి పోయేకొద్దీ తాటాకిళ్ళు, పడమరకి పోయేకొద్దీ మట్టి మిద్దెలు. మట్టి మిద్దె అంటే దూలాల మీద దంతెలు పేర్చి, పైన కంపో బండలో పరిచి, ఆ పైన మందంగా చవుడు మన్ను తొక్కి చదును చేసేవారు. పంట పండని ఆ పాడు చవుడే తడిస్తే బిగుసుకుని నీటిచుక్కని కిందికి దిగనివ్వదు. ఎండాకాలంలో ఆ మిద్దె కింద పడుకున్నవాళ్ళకి తెలుసు దాని చలవ. వానల ముందు మళ్ళీ చవుడు మోసుకొచ్చి చల్లాలి, తప్పదు. గంప మోసేదెవరో మీకు చెప్పక్కర్లేదు.

ఇక బోద కొట్టాలు. నల్లమల అంచున దొరికే బోద గడ్డి కోసి, కట్టలు కట్టి తెచ్చి కప్పితే ఇల్లు కుండలో నీళ్ళలా చల్లగా ఉండేది. కొన్నేళ్ళకోసారి తిరగ కప్పాలి. చెదలు, ఎలకలు, అప్పుడప్పుడూ పాములు. అన్నిటికన్నా పెద్ద భయం అగ్గి. మా అమ్మమ్మ చైత్రమాసం వచ్చిందంటే పొద్దున పదింటికల్లా వంట ముగించి, పొయ్యిలో నీళ్ళు చల్లి, బూడిద వేలితో కెలికి చూసి గానీ పక్కకి కదిలేది కాదు. వడగాలి తోలుతున్నప్పుడు ఒక్క రవ్వ లేచిందంటే వీధి వీధంతా పోయేది. పోయాక "ఎవరింటి పొయ్యి?" అని మొదటి ప్రశ్న. అంటే ఎవరి పెళ్ళాం అని. ఊరు కాలినా నింద ఆడదాని నెత్తినే.

ఇక్కడో చిత్రం. మార్కాపురం పలకల ఊరని మనందరికీ తెలుసు. ఎన్ని తరాల పిల్లలు ఆ పలకమీద ఓనమాలు దిద్దారో! బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో అదే జాతి రాతిని పలచగా చీల్చి ఇళ్ళకి కప్పుకుంటారు. మనం ఆ రాతిమీద అక్షరాలు దిద్దించి, ఇంటిమీదికి మాత్రం సీమ నుంచి ఇనుము తెప్పించుకున్నాం.

లోహపు కప్పు మనకి బొత్తిగా కొత్తది కాదు. కాకపోతే అది దేవుడి సొత్తు. తిరుమలలో ఆనందనిలయ విమానానికి శ్రీకృష్ణదేవరాయలు 1518 ప్రాంతంలో బంగారు పూత వేయించాడు. మనిషికి లోహం కప్పు వచ్చిన దారి వేరు. 1829లో లండన్ రేవుల కంపెనీకి ఇంజనీరుగా ఉన్న హెన్రీ రాబిన్సన్ పామర్ అనే ఆయన, పలచని ఇనుపరేకుని ముడతలు పెట్టి వాడే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. సూత్రం మనకి తెలియంది కాదు. ఒక కాగితాన్ని రెండు గ్లాసులమీద వంతెనలా పెడితే వంగిపోతుంది. అదే కాగితాన్ని చీర కుచ్చిళ్ళలా మడతలు పెట్టి పెట్టండి, పైన పెన్సిలు పెట్టినా నిలుస్తుంది. పామర్‌గారు ఆ కుచ్చిళ్ళనే ఇనుముకి పోశాడు. ఆయన హక్కుల్ని రిచర్డ్ వాకర్ అనే వడ్రంగి తీసుకుని వ్యాపారం చేశాడు.

అయితే ఆ కప్పు దేనికోసం పుట్టిందన్నది గుర్తుపెట్టుకోవాలి. ఓడరేవులో దించిన సరుకు తడవకుండా, అంటుకోకుండా ఉండటానికి. పీపాలకి ఉక్కపోయదు. మూటలకి మధ్యాహ్నం నిద్ర అక్కర్లేదు. 1851లో విక్టోరియా మహారాణిగారి బాల్మోరల్ కోట దగ్గర కూడా ఒక ఇనుపరేకుల భవనం కట్టించారు, రాణిగారి కాపురానికి కాదులెండి, నాట్యాలు చేసుకోవడానికి. అదీ స్కాట్లండు చలిలో.

ఒట్టి ఇనుము తుప్పు పడుతుంది గదా. ఆ బెడదకి 1837లో ఫ్రాన్స్‌లో సోరెల్ అనే ఆయన విరుగుడు కనిపెట్టాడు. శుభ్రంచేసిన ఇనుమును కరిగిన జింకులో ముంచి తీయడం. గాల్వనైజు చెయ్యడం అంటే అదే. చచ్చిన కప్ప కాళ్ళు లోహం తగిలి ఎగిరిపడటం చూసిన ఇటలీ డాక్టరు గాల్వానీ పేరు ఆ పనికి ఎందుకు అంటుకుందంటే, రెండు లోహాలు తడిలో కలిస్తే వాటి మధ్య విద్యుత్తు నడుస్తుంది, అప్పుడు జింకే ముందు కరిగి ఇనుముని కాపాడుతుంది. రేకుమీద గీత పడి లోపలి ఇనుము బయటపడినా చుట్టూ ఉన్న జింకు ఆ దెబ్బ తాను తింటుంది. అది ఉన్నంతకాలం ఇనుముకి భయం లేదు. అయిపోయిందా, ఇక తుప్పే.

మా పెద్దవాళ్ళు వీటిని తగరం రేకులనేవారు. నిజానికి వీటిలో తగరం ఇసుమంత లేదు. జింకుకి మన పాత తెలుగు పేరు తుత్తునాగం. దాన్ని బట్టీ పెట్టి తీసే విద్య రాజస్థాన్‌లోని జావర్‌లో ఐరోపా వాళ్ళకన్నా కొన్ని వందల ఏళ్ళ ముందే పెద్ద ఎత్తున నడిచింది. మన విశాఖపట్నంలో కూడా 1977లో జింకు కర్మాగారం మొదలైంది, 2012లో మూతపడింది.

మా వైపుకి ఈ రేకు రైలు వెంట వచ్చింది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో గుంతకల్లు నుంచి బెజవాడ వైపు మీటరుగేజి లైను వేశారు. గిద్దలూరు, కంభం, మార్కాపురం రోడ్డు, దొనకొండ, అన్నీ ఆ లైనుమీదివే. స్టేషన్లు, గూడ్సు షెడ్లు, దొనకొండ రైల్వే కాలనీ వచ్చాయి. ఇక్కడ కూడా రేకు ముందు సరుకు నెత్తికే ఎక్కింది. ఆ తర్వాత 1920ల నుంచి గుంటూరు వైపు వర్జీనియా పొగాకు వచ్చి, క్రమంగా మా మెట్ట పొలాలకీ పాకింది. దాంతో ఆకు కాల్చే బ్యారన్లు. బ్యారన్‌లో పొగ గొట్టాలు రేకువే. పొదిలిలో ఇవాళ పొగాకు బోర్డు వేలం కేంద్రం ఉందంటే ఈ పంట మాకెంత దగ్గరో చూడండి. బ్యారన్ పని ఎరిగినవాళ్ళకి ఒక లెక్క తెలుసు. పచ్చి ఆకు పసుపు రంగుకి తిరిగేదాకా లోపల ఉంచే వేడి సుమారు 35 నుంచి 38 డిగ్రీలు. మే నెలలో పొదిలిలో చెట్టు నీడన ఉండే వేడి అంతకంటే ఎక్కువే. ఇక రేకు కింద చెప్పేదేముంది! మా ఇంటి వెనకావిడ ఒక మధ్యాహ్నం విసనకర్ర ఊపుకుంటూ, "ఏందమ్మాయ్, నిప్పు భయం పోయిందనుకుంటే నిప్పుల్లోనే కూర్చున్నట్టుందే!" అంది.

మధ్యలో రాజకీయం కూడా కాస్త ఉంది. 1932లో ఒట్టావాలో బ్రిటిషు సామ్రాజ్యం దేశాలు కూచుని సుంకాల ఒప్పందం చేసుకున్నాయి. దాని ప్రకారం జంషెడ్‌పూర్ ఉక్కు పట్టీలు ఓడెక్కి ఇంగ్లండు పోయి, అక్కడ రేకులై, జింకు పూసుకుని తిరిగొస్తే వాటికి సుంకం తగ్గింపు. పుట్టింటినించి వెళ్ళిన పిల్ల నగలు పెట్టుకుని వచ్చినట్టు! ఆ నగల ఖరీదు మాత్రం మనమే కట్టేవాళ్ళం. తర్వాత యుద్ధం. 1941లో ఉక్కు మీద కంట్రోలు పెట్టారు. స్వాతంత్ర్యం వచ్చినా అది ఏదో ఒక రూపంలో సాగుతూనే ఉంది. ధరకీ పంపిణీకీ పూర్తిగా కట్లు తెగింది 1992 జనవరిలో. మా పెద్దత్తయ్యగారు ఇప్పటికీ మంచి రేకుని "పర్మిట్ రేకు" అంటారు. కాగితం చేతబట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగి తెచ్చుకున్న వస్తువుమీద ఉండే గౌరవం అది.

ఆ కరువు కాలంలోనే సిమెంటు రేకు లోపలికి వచ్చింది. దీని సంగతి కాస్త నిదానంగా చెప్పాలి. 1901లో ఆస్ట్రియాలో లుడ్విగ్ హాచెక్ అనే ఆయన సిమెంటులో ఆస్‌బెస్టాస్ అనే రాతినార కలిపి పలచని రేకులు చేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. మన హైదరాబాదులో 1946లో ఆ రేకుల కంపెనీ పెట్టారు. చార్మినార్ రేకులంటే తెలియని ఊరు లేదు. రాతినార కోసం కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో గనులూ ఉండేవి. తుప్పు పట్టదు, నిప్పంటదు, ఇనుప రేకంత వేడెక్కదు, చవక. ఇంకేం కావాలి? ఇల్లిల్లూ ఎక్కింది.

ఆ నార దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే ఏళ్ళ తరబడి అక్కడే ఉండి జబ్బు చేస్తుంది. 1965లో లండన్‌లో ఇద్దరు పరిశోధకులు, న్యూహౌస్, థాంప్సన్, ఊపిరితిత్తుల పైపొరకి వచ్చే ఒక అరుదైన కాన్సరు రోగుల వివరాలు పరిశీలించారు. అందులో ఎన్నడూ ఆస్‌బెస్టాస్ ఫ్యాక్టరీ గడప తొక్కని ఆడవాళ్ళున్నారు. వాళ్ళు చేసిందల్లా ఫ్యాక్టరీలో పనిచేసే ఇంటివాళ్ళ బట్టలు దులిపి ఉతకడం. చదివినప్పుడు నా చేతులు చల్లబడ్డాయి. ఆస్‌బెస్టాస్ ఏ రకమైనా కాన్సరు కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. యాభైకి పైగా దేశాలు నిషేధించాయి. మన దేశంలో గనులు మూతబడ్డాయి గానీ, నార దిగుమతి చేసుకుని రేకులు చెయ్యడం ఆగలేదు.

ఇంటిమీద సిమెంటు రేకు ఉన్నవాళ్ళు దడుచుకోనక్కర్లేదు. కదలకుండా, పగలకుండా, పెచ్చులూడకుండా ఉన్న రేకు అంత ప్రమాదం కాదు. దాన్ని కొయ్యడం, బెజ్జాలు వెయ్యడం, పొడిగా ఉన్నప్పుడు బ్రష్షుతో రుద్దడం, పగిలిన ముక్కలు వాకిట్లో పోసి తొక్కడం, ఇవీ ముప్పు. తియ్యక తప్పకపోతే తడిపి, ముక్కలు కాకుండా దించమనాలి. ఆ ముక్కలతో పొయ్యికి అడ్డం పెట్టుకోవడం, కోళ్ళగూడుకి వాడటం మా వైపు చాలా ఉంది, అది మానుకోవాలి. జనాభా లెక్కలవాళ్ళు 2011లో కూడా ఇనుపరేకునీ ఆస్‌బెస్టాస్‌నీ ఒకే గడిలో రాసుకున్నారు. లెక్కకి రెండూ రేకులే మరి!

సరే, ఇనుపరేకుకే వద్దాం. దాన్ని ఊరికే తిట్టడం అన్యాయం. అగ్గి భయం తీర్చింది, కప్పు తిరగెయ్యడం తప్పించింది, అంతో ఇంతో తాహతున్నవాడికి "పక్కా ఇల్లు" అనిపించుకునే గౌరవం ఇచ్చింది. ఇంకో గుణం కూడా ఉంది. పొద్దు గూకిన కాసేపటికే చల్లబడుతుంది. సిమెంటు స్లాబు పగలంతా తాగిన వేడిని అర్ధరాత్రిదాకా మన మీద కక్కుతూనే ఉంటుంది. రాత్రి ఎనిమిదింటికి ఇంటికొచ్చే మగవాళ్ళకి రేకుల ఇల్లు పర్వాలేదనిపించేది ఇందుకే. పదకొండు నుంచి నాలుగుదాకా ఆ కప్పు కింద పొయ్యి ముందుండేవాళ్ళని అడగాలి. పసిపిల్లల్ని, మంచంమీదున్న ముసలివాళ్ళని అడగాలి. 2003 వేసవిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వడదెబ్బకి 3 వేల మందికి పైగా పోయారు. 2015లో విడిపోయిన ఆంధ్రప్రదేశ్‌లోనే మళ్ళీ వెయ్యి దాటింది. పొలంలో పోయినవాళ్ళున్నారు, ఇంట్లో పోయినవాళ్ళూ ఉన్నారు.

మరి రేకు అంత ఎందుకు కాలుతుంది? కొత్త జింకురేకు మెరుస్తూ ఎండలో చాలా భాగం తిప్పికొడుతుంది. అయినా మెరిసే లోహానికి ఒక అవగుణం ఉంది. తాను తాగిన కాస్త వేడినీ ఆకాశంలోకి వదిలిపెట్టడం దానికి చేతకాదు, గుంభనంగా దాచుకుంటుంది. నాలుగేళ్ళకి మాసిపోయి, తుప్పు పట్టాక తాగేది కూడా ఎక్కువవుతుంది. తెల్లరంగు పూస్తే రెండు పనులూ జరుగుతాయి, ఎండని తిప్పికొడుతుంది, తాగిన వేడిని వదిలేస్తుంది. మా అమ్మమ్మ తరంవాళ్ళు కప్పుమీద కందికట్టె పరిచేవారు, రేకు కింద తాటాకు తడికెలు కట్టేవారు. ఇంజనీర్లు ఇప్పుడు చెప్పేదీ అదే, రేకుకీ మనకీ మధ్య గాలి పొర ఉండాలని. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానం తెచ్చింది. 600 చదరపు గజాల స్థలం దాటిన ఇళ్ళకి అది తప్పనిసరి, చిన్న ఇళ్ళకి ఇష్టమైతేనే. రేకు కింద మాడేది చిన్న ఇళ్ళవాళ్ళే గదా అని నా సందేహం.

కొనబోయేవాళ్ళకి నేను తెలుసుకున్న నాలుగు ముక్కలు. గేజి అంటే నూలు కౌంటు లాంటిది. అంకె పెరిగేకొద్దీ రేకు పలచన. ఇప్పుడు మిల్లీమీటర్లలో చెబుతున్నారు, పూతలతో కలిపి. "పూత తీసేస్తే ఉక్కు ఎంత?" అని అడగండి, కొట్టువాడు ఒక్కసారి మీ మొహం చూస్తాడు. జింకు ఎంత పట్టించారన్నది చదరపు మీటరుకి గ్రాముల్లో ఉంటుంది, 120 నుంచి 275 దాకా. మనిల్లు నాలుగు కాలాలుండేది ఆ గ్రాముల మీద. 1972లో అమెరికాలో బజారుకొచ్చిన గాల్వల్యూమ్ పూతలో సగానికి పైగా అల్యూమినియం, మిగతాది జింకు. రంగురేకులు చాలావరకు దానిమీద రంగేసినవే, ఎక్కువకాలం మన్నుతాయి. తెచ్చిన రేకుల్ని వానలో దొంతిగా పడెయ్యకండి. మధ్యలో తడి చేరితే తెల్లటి బూజులాంటి తుప్పు పడుతుంది. తడి సిమెంటు, సున్నం మీద పడినా జింకుని తింటాయి. గాలి రేకుని కిందికి తొక్కదు, పైకి లేపుతుంది, అందులోనూ చూరు దగ్గర, నడికొప్పు దగ్గర. అక్కడ హుక్కులు దగ్గర దగ్గరగా వేయించాలి. హుక్కులు మిగుల్చుకుని పైన రాళ్ళు పెట్టే మేస్త్రీలున్నారు. గాలివానలో ఆ రాయి ఎవరి నెత్తిన పడుతుందో!

పోయిన మాఘంలో మా తోడికోడలు వాళ్ళు వంటింటికి, వెనక వసారాకి కలిపి రేకులు వేయించారు. మా మరిదిగారు లెక్కల్లో గట్టివాడు. తొమ్మిదడుగుల ఎత్తు, అన్నిటికన్నా పలచని రేకు, ఇటుక రంగు అని తేల్చేశాడు. ఆవిడ సాధారణంగా మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు మాత్రం, "ఏమండీ, మీరు ఆ గదిలో పగటిపూట ఎన్నిసార్లు కూచుంటారు?" అని అడిగి ఊరుకుంది. మేస్త్రీ నవ్వుతూ, "అమ్మ చెప్పినట్టే కానిద్దాం సార్" అన్నాడు. పన్నెండడుగులు లేపారు. గోడ పైన జానెడు సందు వదిలి జల్లెడ కొట్టించారు, కింద వెదురు తడికె కట్టించారు. రంగు దగ్గర చిక్కొచ్చింది. కొట్లో ఎరుపు, నీలం, ఆకుపచ్చ తప్ప తెలుపు లేదు. "తెల్లరేకు ఎవరూ అడగరమ్మా, మాసిపోయినట్టుంటుందని" అన్నాడు కొట్టతను. ఒంగోలు నుంచి తెప్పించడానికి నాలుగు రోజులు పట్టింది.